బైబిల్ స్కూల్లో పాఠం బాగా చెప్పాలంటే: సరిహద్దు జిల్లాల టీచర్లకు

మూడో తరగతి పిల్లలకు ఎక్కాలు నేర్పాలంటే డి.ఎడ్. ఉండాలి. హైస్కూల్లో సోషల్ చెప్పాలంటే బి.ఎడ్. కావాలి. పాస్టర్లను తయారుచేసే బైబిల్ స్కూల్లో బైబిల్లోని రోమా పత్రిక చెప్పడానికి మాత్రం బి.డి.యో, ఎం.టి.హెచ్.యో, అంటే వేదాంత డిగ్రీ ఏదైనా ఉంటే సరిపోతుంది. ఆ చదువుల్లో గ్రీకు నేర్పుతారు, సంఘ చరిత్ర నేర్పుతారు, ప్రసంగం ఎలా కట్టాలో నేర్పుతారు. ఇరవై మందిని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఒక విషయం వాళ్లకు పట్టుబడేలా ఎలా చెప్పాలో మాత్రం మనలో చాలామందికి ఎవరూ నేర్పలేదు. అందుకే ఆదివారం చేసే పనే సోమవారం కూడా చేస్తాం. క్లాసులోనూ ప్రసంగమే.

నేను గుణుపురం, పర్లాకిమిడి వైపు పందొమ్మిదేళ్లుగా పాత నిబంధన చెబుతున్నాను. మొదటి తొమ్మిదేళ్లూ బాగా చెబుతున్నాననే అనుకున్నాను. తర్వాత అనుకోకుండా నా పాఠం నేనే విన్నాను. అక్కడి నుంచి నేర్చుకున్నదే ఇది. ఒడిశాలోని రాయగడ, గజపతి, కోరాపుట్ జిల్లాల్లో గానీ, అటు మహారాష్ట్రలోని సిరొంచ, బల్లార్‌పూర్ వైపు గానీ తెలుగులో పాఠం చెబుతూ, ఎదుట కూర్చున్నవాళ్లలో సగం మందికి తెలుగు ఇంటి భాష కాని టీచర్ మీరైతే, ఇందులో చాలావరకు మీకు పనికొస్తుంది. కోర్సులు, సర్టిఫికెట్ల సంగతి చివర్లో చెబుతాను. అప్పటిదాకా పెద్ద ఖర్చేమీ లేదు.

ముందు మీ క్లాసు మీరే వినండి

వచ్చే సోమవారం ఒక క్లాసు మొత్తం మీ ఫోన్‌లో రికార్డ్ చేయండి. ఫోన్‌ను టేబుల్ మీద కాకుండా మధ్య బెంచీ మీద పెట్టండి, అప్పుడే విద్యార్థుల గొంతులు కూడా పడతాయి. "నా కోసం రికార్డ్ చేసుకుంటున్నాను, ప్రిన్సిపాల్‌గారికి పంపను" అని ముందే చెప్పండి. లేకపోతే ఆ రోజు అందరూ దేవదూతల్లా కూర్చుంటారు.

వినేటప్పుడు పాఠం మంచీచెడూ చూడకండి. ఒక కాగితం మీద మూడే రాసుకోండి: మీరు మాట్లాడిన నిమిషాలు, మీరు అడిగిన ప్రశ్నలు, మీవి కాకుండా వినిపించిన గొంతులు.

నా మొదటి రికార్డింగ్‌లో నలభై ఐదు నిమిషాల్లో నా గొంతు కాక వినిపించినవి రెండే. కిటికీ అవతల ఒక మేక, లోపల "అయిందండి" అనే కోరస్. నేను అడిగిన ప్రశ్నల్లో దాదాపు అన్నీ "అర్థమైందా?" అనేవే. అది ప్రశ్న కాదని నాకు అప్పుడే తెలిసింది. మన వైపు అయ్యగారు అర్థమైందా అని అడిగితే కాలేదనే పిల్లవాడు ఉంటాడా? అది వాళ్లకు మర్యాద, మనకు మోసం. రికార్డింగ్ వింటుంటే వంటగదిలోంచి మా ఆవిడ "ఇంట్లోనూ ఇంతేగా" అంది. కాబట్టి వీలైతే ఒంటరిగా వినండి.

రెండోసారి వినేటప్పుడు ప్రశ్న అడిగాక ఎంతసేపు ఆగారో చూడండి. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970ల ప్రాంతంలో సైన్స్ క్లాసుల రికార్డింగులు తీసుకుని ఇదే లెక్క కట్టారు. టీచర్లు ప్రశ్న వేసి ఒక సెకను కూడా సరిగ్గా ఆగడం లేదని తేలింది. మూడు సెకన్లకు పైగా ఆగినచోట జవాబులు పెద్దవయ్యాయి, ఎప్పుడూ నోరు విప్పనివాళ్లు కూడా మాట్లాడారు. మన దగ్గర మూడు సెకన్లు కూడా చాలవు. పిల్లవాడు తెలుగులో విన్న ప్రశ్నను ఇక్కడి కొండ భాషలైన సొరలోకో కువిలోకో తీసుకెళ్లి, అక్కడ ఆలోచించి, మళ్లీ తెలుగులోకి తెచ్చుకోవాలి. నేను ప్రశ్న అడిగి 23వ కీర్తన మొదటి వచనం మనసులో నెమ్మదిగా రెండుసార్లు చెప్పుకుంటాను. మొదట్లో ఆ నిశ్శబ్దం భరించడం కష్టంగా ఉంటుంది, పాఠం మరిచిపోయాననుకుంటారేమోనని టెన్షన్. రెండు వారాల్లో అలవాటవుతుంది.

ఎదురుగా ఎవరున్నారో రాసుకోండి

హాజరు పట్టీలో పేర్లుంటాయి, భాషలుండవు. ఒక పాత నోట్‌బుక్‌లో ప్రతి విద్యార్థికీ నాలుగు గడులు గీయండి. ఇంట్లో మాట్లాడే భాష, స్కూల్లో చదివిన భాష, సంఘంలో పాటలు పాడే భాష, నోట్స్ రాసుకునే లిపి. ఈ నాలుగూ ఒకటే అయిన విద్యార్థి నా క్లాసులో ఏడాదికి ముగ్గురో నలుగురో ఉంటారు. మిగతావాళ్లలో ఒక అబ్బాయి సంగతి చూడండి. ఇంట్లో సొర, పదో తరగతి దాకా ఒడియా, సంఘంలో రోమన్ లిపిలో అచ్చేసిన సొర పాటల పుస్తకం, నా క్లాసు తెలుగు, లైబ్రరీలో పుస్తకాలన్నీ ఇంగ్లీషు. అతను వెనకబడ్డాడని మూడు నెలలు అనుకున్నాను. నిజానికి మోస్తున్న బరువు చూస్తే క్లాసులో అందరికంటే ముందున్నది అతనే.

ఈ విషయంలో మనకు పాఠం చెప్పగల టీచర్ ఇదే నేల మీద తిరిగాడు. గిడుగు రామమూర్తి పంతులుగారు 1880లో పర్లాకిమిడిలో టీచర్‌గా చేరారు. చుట్టుపక్కల కొండల్లో సవరలు, అంటే సొర మాట్లాడేవాళ్లు, ఉన్నారని గమనించి, ఆ భాష తెలిసినవాడిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు. తర్వాత వాళ్లకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని బడులు పెట్టారు, వ్యాకరణం రాశారు, నిఘంటువు కూర్చారు. ఆ కొండల్లో మలేరియా వచ్చి, క్వినైన్ వాడీ వాడీ చెవులు దెబ్బతిన్నాయి. తెలుగు ప్రజలు ఆయన్ను వాడుక భాష కోసం గుర్తుపెట్టుకున్నారు గానీ, ఎదుటివాడి భాష వినడంతోనే పాఠం మొదలవుతుందన్నది నాకు ఆయన దగ్గర దొరికిన సంగతి. మీరు నిఘంటువు రాయనక్కర్లేదు. మీ విద్యార్థుల ఇంటి భాషలో ఇరవై మాటలు నేర్చుకోండి, చాలు. నేను తప్పుగా పలికి వాళ్లు నవ్వినప్పటి నుంచే వాళ్లు నా ముందు తప్పుగా మాట్లాడడానికి భయపడడం మానేశారు.

ఒక్క మాట ఎంత తిప్పలు పెడుతుందో చూడండి

ఇది కాస్త వివరంగా చెప్పాలి. నేను తొమ్మిదేళ్లు "నిబంధన" అనే మాటను ఎవరినీ ఏమీ అడగకుండా వాడాను. ఒక ఏడాది పరీక్షలో ఒకరు రాసిన జవాబు: "పాత నిబంధన అంటే దేవుడు మోషేకు ఇచ్చిన పాత రూల్స్, కొత్త నిబంధన అంటే యేసుప్రభువు ఇచ్చిన కొత్త రూల్స్." సున్నా వేశాను. తర్వాత పేపర్లన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే పదకొండు మంది అదే రాశారు. పదకొండు మంది ఒకే తప్పు చేశారంటే తప్పు వాళ్లది కాదు.

ఆలోచిస్తే వాళ్లది న్యాయమే. బయట తెలుగులో నిబంధన అంటే రూలే. ట్రాఫిక్ నిబంధనలు, కోవిడ్ నిబంధనలు, నిబంధనలు అతిక్రమిస్తే జరిమానా. పైగా ఒడియా బైబిల్లో కొత్త నిబంధనకు పేరు "నూతన నియమ". ఒడియా మీడియంలో చదివిన పిల్లవాడికి అటు నుంచీ రూలే వినిపిస్తుంది, ఇటు నుంచీ రూలే వినిపిస్తుంది. మరాఠీలో అదే "నవా కరార్", అంటే ఒప్పందం. సిరొంచ వైపు టీచర్లకు ఈ ఒక్కచోట మనకంటే కొంచెం తేలిక.

మరుసటి ఏడాది నిర్వచనం చెప్పడం మానేశాను. 1 సమూయేలు 18వ అధ్యాయం మొదటి నాలుగు వచనాలు చదివించాను. యోనాతాను దావీదుతో నిబంధన చేసుకుని తన దుప్పటి, కత్తి, విల్లు, నడికట్టు ఇచ్చేస్తాడు. "ఇక్కడ ఎవరు ఎవరికి రూలు పెట్టారు?" అని అడిగాను. కీర్తన రెండుసార్లు కాదు, నాలుగుసార్లు చెప్పుకున్నాను. వెనక నుంచి ఒకమ్మాయి, "రూలు లేదండి, ఇది మా వైపు సంగాత కట్టుకోవడంలా ఉంది" అంది. ఒడిశా పల్లెల్లో ఇద్దరు స్నేహితులు ఒకరికొకరు కానుకలిచ్చుకుని నేస్తరికం కట్టుకుంటారు. ఆ తర్వాత పేరు పెట్టి పిలుచుకోరు, ఆ వరసతోనే పిలుచుకుంటారు. ఒకరింట్లో కష్టమొస్తే రెండోవాళ్లు నిలబడాలి. క్లాసంతా ఒక్కసారి మాట్లాడడం మొదలుపెట్టింది. "కులం వేరైనా కట్టుకుంటారండి", "మా తాతకు ఉండేవాడండి", "అది తెంపుకోకూడదండి".

అక్కడి నుంచి ఆదికాండము 15వ అధ్యాయానికి, యిర్మీయా 31వ అధ్యాయానికి వెళ్లడం నడిచే దారిలా ఉంది. సంగాతకూ బైబిల్ నిబంధనకూ తేడాలున్నాయి, అవీ మాట్లాడాం. సీనాయి దగ్గర నిజంగానే ఆజ్ఞలున్నాయి కదా, వాటికి చోటెక్కడని వాళ్లే అడిగారు. నా తొమ్మిదేళ్ల నోట్స్‌లో ఆ ప్రశ్న లేదు.

మీరు చేయాల్సిన పని ఇది. మీ సబ్జెక్టులో రోజూ వాడే మాటలు పది తీయండి. కృప, నీతి, ప్రాయశ్చిత్తం, రాజ్యం, సంఘం లాంటివి. ఒక్కోదానికి బయట తెలుగులో ఏం అర్థం ఉంది, మీ విద్యార్థుల బైబిల్లో ఆ చోట ఏ మాట ఉంది అని వాళ్లనే అడిగి రాసుకోండి. ఒక సాయంత్రం పని. ఏ వర్క్‌షాపులోనూ దీనంత పనికొచ్చేది నాకు దొరకలేదు.

పాఠానికి ముందు ఒక వాక్యం

"ఈ రోజు ఆమోసు గ్రంథం" అనేది పాఠం పేరే. పాఠం అయ్యాక విద్యార్థి ఏం చేయగలగాలో ఒక వాక్యంలో రాయండి. "తెలుసుకుంటాడు", "అవగాహన పొందుతాడు" అనే మాటలు వాడకండి, అవి కంటికి కనిపించవు. "ఆమోసు 5వ అధ్యాయం చదివి, సంతలో తప్పు కాటా వేసే షావుకారుకు అది ఏం చెబుతుందో ఐదు నిమిషాల్లో చెప్పగలడు" అని రాస్తే, అతను చెప్పాడో లేదో మీకు తెలుస్తుంది. బెంజమిన్ బ్లూమ్, ఆయన తోటివాళ్లు 1956లో చదువు లక్ష్యాలను మెట్లుగా అమర్చారు. కింద గుర్తుపెట్టుకోవడం, పైన విడదీసి చూడడం, విలువ కట్టడం. బి.ఎడ్. చదివిన మీ బంధువులెవరైనా ఉంటే దీని గురించి మీకు గంట చెప్పగలరు. మనకు కావాల్సింది ఒకటే: వారంలో ఒక్క పాఠమైనా కింది మెట్టు దాటాలి.

డిక్టేషన్‌ను ఒక్కసారిగా మానకండి

డిక్టేషన్ చెడ్డదని పెద్ద ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు తేలిగ్గా అంటారు. తెలుగులో మంచి పాఠ్యపుస్తకం దొరకనిచోట ఆ నోట్సే విద్యార్థికి జీవితాంతం లైబ్రరీ. పదేళ్ల కిందట నేను చెప్పిన నోట్స్ పట్టుకుని ఇప్పటికీ ప్రసంగాలు చేసే పాస్టర్లు నాకు తెలుసు. కానీ రాసేటప్పుడు ఎవరూ ఆలోచించరు. నేను చేసేది చెబుతాను. నోట్స్ ముందే జిరాక్స్ తీయించి ఇస్తాను, ముఖ్యమైనచోట ఖాళీలు వదిలి. క్లాసులో ఆ ఖాళీల దగ్గరే ఆగుతాం. ఇద్దరిద్దరు కూర్చుని ఏ భాషలోనైనా మాట్లాడుకోండి, చివరికి ఒకరు తెలుగులో చెప్పండి అంటాను. కాసేపు గది సంతలా ఉంటుంది. పక్క క్లాసు టీచర్ తొంగి చూస్తారు, చూడనివ్వండి.

జిరాక్స్‌కు డబ్బుల్లేకపోతే ఇంకో దారి. 1963లో గ్వాటెమాలాలో ఒక ప్రెస్బిటేరియన్ సెమినరీ, ఊళ్లు వదిలి రాలేని సేవకుల దగ్గరికే చదువును తీసుకెళ్లింది. ఇంటి దగ్గర పాఠం చదువుకోవడం, వారానికోసారి కలిసి చర్చించుకోవడం. మన దేశంలో అదే పద్ధతిలో 1971 నుంచి బెంగళూరు కేంద్రంగా టాఫ్టీ (TAFTEE) అనే వేదాంత విద్యా సంస్థ నడుస్తోంది. ఆ పద్ధతిలో టీచర్‌కు లెక్చర్ ఇచ్చే అవకాశమే ఉండదు, విషయమంతా పుస్తకంలోనే ఉంటుంది. మీ సిలబస్‌లో ఒక యూనిట్‌ను అలా నడిపి చూడండి. ముందురోజు రాత్రి హాస్టల్లో చదువుకోవడానికి రెండు పేజీలు, పొద్దున క్లాసులో మాటలే.

క్లాసు చివర మూడు నిమిషాలు మిగుల్చుకోండి. "ఈ రోజు పట్టుబడింది ఒకటి, పట్టుబడనిది ఒకటి" అని చీటీ మీద రాయమనండి, పేరు వద్దు. వాళ్లకు వచ్చిన భాషలో, వచ్చిన లిపిలో. నేను ఒడియా సరిగ్గా చదవలేను. హాస్టల్ వార్డెన్‌గారు చదివి పెడతారు, దానివల్ల ఆయనకూ కాస్త ఆమోసు వచ్చింది.

తోటి టీచర్‌ను వెనక బెంచీలో కూర్చోబెట్టండి

ఇది అందరికీ భయం. ఒకసారి ఒక సంస్థ మాకు మూడు రోజుల టీచర్ ట్రైనింగ్ పెట్టింది. లెక్చర్ పద్ధతి ఎందుకు మానాలో మూడు రోజులూ లెక్చర్ ఇచ్చారు, స్లైడ్లతో సహా. భోజనాలు మాత్రం బాగున్నాయి. అక్కడ రాని మార్పు మా స్టాఫ్ రూమ్‌లో టీ తాగుతూ ఇద్దరం చేసుకున్న ఒప్పందంతో వచ్చింది.

1960లలో స్టాన్‌ఫోర్డ్ యూనివర్సిటీలో మొదలైన మైక్రో టీచింగ్‌నే మా వీలుకు తగ్గట్టు మార్చుకున్నాం. నెలకోసారి, పది నిమిషాల పాఠం, చూసేది ఒక్కరే. చెప్పబోయేవాళ్లే ముందుగా "నువ్వు ఇది ఒక్కటే చూడు" అని అడగాలి. ప్రశ్నలు ఎవరికి వేస్తున్నాను? ముందు బెంచీలకేనా? ఆడపిల్లల్ని అడుగుతున్నానా? చూసేవాళ్లు "బాగుంది బ్రదర్", "కొంచెం ఫాస్ట్‌గా చెప్పారు" అనకూడదు, చూసింది లెక్కతో చెప్పాలి. "ఎనిమిది ప్రశ్నల్లో ఏడు కిటికీ వైపు వరసకే వేశారు" అని మా జూనియర్ నాకు చెప్పినప్పుడు ముఖం మాడింది. వయసులో పదిహేనేళ్లు చిన్నవాడు, నా దగ్గరే చదువుకున్నవాడు. అందుకే మొదటిసారి పెద్దవాళ్ల క్లాసే చూడాలన్నది మా నియమం. సీనియర్లు ముందు కూర్చుని చూపించుకుంటే తప్ప జూనియర్లు ధైర్యం చేయరు. ఈ సంగతి ప్రిన్సిపాల్‌కు నివేదికగా వెళ్లకూడదు. ఒక్కసారి వెళ్లిందా, ఇక ఎవరూ తలుపు తీయరు.

ఇప్పుడు కోర్సుల సంగతి

పై పనులు ఒక టర్మ్ చేశాక వెళ్తే కోర్సులో మీకు ఏం కావాలో మీకే తెలుస్తుంది. ఐసెట్ (ICETE) అకాడమీ అని వేదాంత విద్యా సంస్థల అంతర్జాతీయ సమాఖ్య నడిపే ఆన్‌లైన్ కోర్సులున్నాయి, మన లాంటి టీచర్ల కోసమే. ఇంగ్లీషు కాస్త ఓపిగ్గా చదవాలి. కేంద్ర ప్రభుత్వం 2017లో మొదలుపెట్టిన స్వయం పోర్టల్‌లో బోధనా పద్ధతుల మీద కోర్సులు ఉచితంగా చదువుకోవచ్చు, సర్టిఫికెట్ పరీక్షకే ఫీజు. డిగ్రీ కావాలనుకుంటే ఇగ్నోలో ఎం.ఏ. ఎడ్యుకేషన్ దూరవిద్యలో ఉంది. ప్రాంతీయ కేంద్రాలు కోరాపుట్‌లోనూ విశాఖలోనూ ఉన్నాయి, మీకు ఏ బస్సు తేలికో చూసుకోండి. మీ కాలేజీ సెరంపూర్ సెనేట్ కిందిదో, ఆసియా థియలాజికల్ అసోసియేషన్ గుర్తింపు ఉన్నదో అయితే, వాళ్లు టీచర్లకు పెట్టే కార్యక్రమాల గురించి ప్రిన్సిపాల్ ఆఫీసులో అడగండి. అలాంటి ఉత్తరాలు వచ్చి ఫైల్లో పడుకునే అలవాటు మన ఆఫీసులకు కొత్త కాదు.

ఎం.టి.హెచ్. తర్వాత డాక్టరేట్ చేస్తే టీచింగ్ దానంతటదే వస్తుందనుకోకండి. సబ్జెక్టు లోతు పెరుగుతుంది, అది అవసరమే. ఆ లోతులోంచి నీళ్లు తోడే చేద వేరే ఉండాలి.

చివరగా ప్రశ్నపత్రం

మీరు క్లాసులో ఎంత మార్చినా, ప్రశ్నపత్రంలో "నిబంధన అనగానేమి? వివరింపుము" అనే ఉంటే విద్యార్థులు పాత గైడ్ బట్టీ పడతారు. తప్పు వాళ్లది కాదు, మార్కులున్నచోటికే వాళ్లు వెళ్తారు. యూనివర్సిటీ పేపర్ మన చేతిలో లేకపోయినా ఇంటర్నల్స్ మన చేతిలోనివే. అందులో ఒక్క ప్రశ్న మార్చండి. నేను ఇప్పుడు ఇలా ఇస్తున్నాను: "మీ ఊళ్లో ఒక పెద్దాయన, కొత్త నిబంధన అంటే కొత్త రూల్సా అని అడిగాడు. ఆయనకు అర్థమయ్యే మాటల్లో పది వాక్యాల్లో జవాబు చెప్పండి. ఒక బైబిల్ భాగాన్ని వాడండి."

దిద్దడానికి టైమ్ ఎక్కువ పడుతుంది, ఒక్కో పేపర్‌కు పది నిమిషాలు. ఏ రెండు జవాబులూ ఒకలా ఉండవు. మొన్నటి పరీక్షలో ఒకరు ఏడు వాక్యాలు తెలుగులో రాసి, ఎనిమిదో దాంట్లో మాట దొరక్క ఒడియా లిపిలో రాశారు. వార్డెన్‌గారి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన కళ్లద్దాలు పైకి జరుపుకుని చదివారు: "రూలు తప్పితే జరిమానా కట్టి బయటికి వెళ్లిపోవచ్చు, సంగాత తప్పితే ఇద్దరూ ఏడవాలి." పదికి తొమ్మిది వేశాను. బైబిల్ భాగం రాయడం మరిచిపోయాడు.